నిమిషానికి ఎన్ని అడుగులు?

విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. ఖమ్మం దరిదాపులకు వచ్చేసరికే అది కిందికి దిగడం మొదలుపెట్టాలి. శంషాబాద్ అప్పటికి ఇంకా 180 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఇంజిన్ల హోరు కాస్త సన్నగిల్లుతుంది, ముక్కు ఒకటి రెండు డిగ్రీలు వాలుతుంది, అంతే. కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరికి మాత్రం అక్కడి నుంచి చక్రాలు నేలను తాకేదాకా ఒక అంకె మీదే చూపు: నిమిషానికి ఎన్ని అడుగులు దిగుతున్నాం?

ఖమ్మం ఎలా వచ్చిందో ముందు చూద్దాం. పైలట్లందరికీ నోటికి వచ్చిన లెక్క ఒకటుంది. దిగాల్సిన ప్రతి వెయ్యి అడుగులకు 3 నాటికల్ మైళ్ల దూరం కావాలి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. 35 వేలలోంచి దాన్ని తీసేస్తే దిగాల్సింది 33 వేల అడుగులు. మూడుతో హెచ్చిస్తే 99 మైళ్లు, అంటే 183 కిలోమీటర్లు. ఖమ్మం నుంచి శంషాబాద్‌కు గీత గీస్తే వచ్చే దూరం ఇంచుమించు అదే. దీనికి తోడు వేగం తగ్గించుకోవడానికి ప్రతి 10 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) ఒక మైలు చొప్పున ఇంకో పది మైళ్లు కలుపుకుంటారు. వెనక నుంచి గాలి తోస్తుంటే మరికొంత. విమానంలోని కంప్యూటర్ ఇదంతా తానే లెక్కగట్టి, దిగుదల మొదలవ్వాల్సిన చోటును తెరమీద గుర్తు పెట్టి చూపిస్తుంది. అయినా మంచి పైలట్ తన మనసులో ఆ మూడో ఎక్కాన్ని నడుపుతూనే ఉంటాడు. కంప్యూటర్‌కు తప్పుడు అంకె ఇస్తే అది తప్పుడు జవాబే చెబుతుంది. ఆ తప్పును పట్టేది ఈ ఎక్కమే.

వెయ్యి అడుగులకు మూడు మైళ్లు అన్నప్పుడు అది ఒక వాలు, సుమారు 3 డిగ్రీలు. ఖమ్మం మీదా అదే వాలు, రన్‌వే ముందరా అదే వాలు. మారేది దిగే వేగం. 3 డిగ్రీల వాలు మీద ప్రతి నాటికల్ మైలుకు 318 అడుగుల ఎత్తు తగ్గుతుంది. 35 వేల అడుగుల్లో విమానం 450 నాట్ల వేగంతో, అంటే గంటకు 830 కిలోమీటర్లతో పోతుంటుంది. నిమిషానికి ఏడున్నర మైళ్లు. ఏడున్నరను 318తో హెచ్చిస్తే నిమిషానికి 2,400 అడుగుల దిగుదల. అదే విమానం రన్‌వే ముందు 140 నాట్లకు తగ్గినప్పుడు నిమిషానికి 743 అడుగులే. వాలు మారలేదు, దిగే వేగం మాత్రం మూడో వంతుకు పడిపోయింది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. దిగే వేగం అనేది పైలట్ తనకు నచ్చినంత అడిగి తీసుకునేది కాదు. ఎంత వాలు మీద, ఎంత వేగంతో వస్తున్నాడు అన్నదాన్నుంచి పుట్టే ఫలితం అది. దీనికీ నోటిలెక్క ఉంది. నేలతో పోలిస్తే విమానం కదిలే వేగాన్ని 5తో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 140 నాట్లకు 700. ఎదురుగాలి 20 నాట్లు ఉంటే నేలతో పోలిస్తే వేగం 120, దిగే వేగం 600 చాలు. వెనకగాలి 10 నాట్లు ఉంటే 150, దిగే వేగం 750కి పెరుగుతుంది. వెనకగాలితో ల్యాండ్ కావడాన్ని పైలట్లు ఎందుకు ఇష్టపడరో ఈ అంకెల్లోనే సగం తెలుస్తుంది.

ఇక ఆ 33 వేల అడుగులను ఎలా కరిగిస్తారు అన్నది. జెట్ విమానం ఇంజిన్లను ఐడిల్‌కు, అంటే కనీస స్థాయికి, తెచ్చినా రాయిలా పడదు. నేటి ప్రయాణికుల విమానాలు అనువైన వేగంలో, చక్రాలూ, రెక్కల వెనక అంచున బయటికి వచ్చే ఫ్లాపులూ లోపలే ఉన్నప్పుడు, ఒక అడుగు దిగేలోపు సుమారు 17 అడుగులు ముందుకు జారగలవు. డిగ్రీల్లో చూస్తే అది మూడు పైన కొంచెం. అంటే మనం పైన చెప్పుకున్న వాలు, ఇంజిన్ తోపు దాదాపు లేకుండా విమానం తనంతట తాను జారే వాలుకు చాలా దగ్గర. ఆదర్శవంతమైన దిగుదలలో ఖమ్మం దగ్గర ఐడిల్‌కు తెచ్చిన ఇంజిన్లను రన్‌వేకు పది మైళ్ల దూరం దాకా కదిలించక్కర్లేదు. ఇంధనం ఆదా, కింద ఊళ్లకు చప్పుడు తక్కువ. మధ్యలో 5 వేల అడుగుల దగ్గర ఆపి సమంగా నడిపిస్తే ఐడిల్‌లో కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఇంధనం కాలుతుంది. అందుకే రద్దీ లేనప్పుడు మెట్లు మెట్లుగా కాకుండా ఏకధాటిగా దింపడానికి ఏటీసీలు (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రాలు) ప్రయత్నిస్తాయి.

విమానం ఎంత బాగా జారుతుందో ప్రపంచం ఒకసారి కళ్లారా చూసింది. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330 విమానంలో ఇంధనం కారిపోయి అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. రెండో ఇంజిన్ ఆగేసరికి ఎత్తు సుమారు 34,500 అడుగులు, అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వేకు దూరం 65 మైళ్లు. లెక్క వేస్తే ఒక అడుగుకు పదకొండున్నర అడుగులు ముందుకు పోతే చాలు. విమానానికి అంతకంటే ఎక్కువే చేతనవును. కాబట్టి ఇంజిన్లు లేని ఆ పైలట్లకు ఎదురైన సమస్య ఎత్తు చాలకపోవడం కాదు, ఎత్తు మిగిలిపోవడం. దాన్ని తగ్గించుకోవడానికి గాలిలో ఒక పూర్తి చుట్టు తిరిగారు, ఆ తర్వాత అటూ ఇటూ వంపులు తిప్పారు. దాదాపు 19 నిమిషాలు జారి, 200 నాట్ల వేగంతో రన్‌వేను తాకారు. విమానంలో ఉన్న 306 మందీ బతికారు.

ఇంజిన్లున్న విమానానికీ రోజూ ఎదురయ్యే తలనొప్పి అదే, ఎత్తు మిగిలిపోవడం. ఏటీసీ దయతలచి దగ్గరి దారి ఇచ్చినా ఈ ఇబ్బంది వస్తుంది. 20 మైళ్లు తగ్గించి నేరుగా రమ్మన్నారంటే, 20ని మూడుతో భాగించండి, ఒక్క మాటతో విమానం ఉండాల్సినదానికంటే 6,700 అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టయింది. ముక్కు ఇంకా దించితే సరిపోదా? ముక్కు దించితే వేగం పెరుగుతుంది. ఎత్తు, వేగం రెండూ ఒకే శక్తికి రెండు రూపాలు. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది, రెండింటినీ కలిపి తగ్గించాలంటే ఆ శక్తిని ఎక్కడో పారబోయాలి. తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సు డ్రైవర్‌కు ఆ పని చక్రాల బ్రేకులు చేస్తాయి. గాలిలో ఉన్నవాడికి గాలే ఆధారం.

అలా పారబోయడానికి మొదటి సాధనం స్పీడ్ బ్రేకులు. రెక్క పక్కన సీటు దొరికితే ఈసారి గమనించండి. దిగుతున్నప్పుడు రెక్క పైభాగాన పలకలు కొన్ని వాలుగా పైకి లేస్తాయి. వెంటనే కాళ్ల కింద నుంచి సన్నటి వణుకు మొదలవుతుంది, సీటు చేతుల్లోకి కూడా పాకుతుంది. విమానానికి ఏదో అయ్యిందని చాలామంది భయపడేది ఈ వణుకుకే. రెక్క మీద సాఫీగా పారే గాలిని ఆ పలకలు చెదరగొడుతున్నాయి, అంతే. విమానం అంతే వేగంతో ఉంటూ మరింత గబగబా దిగడానికి, లేదా అంతే దిగుతూ వేగం తగ్గించుకోవడానికి అవి పనికొస్తాయి. రెండో సాధనం చక్రాలు. అవి బయటికి వస్తే గాలికి పెద్ద అడ్డు. కానీ వాటికి వేగ పరిమితి ఉంది, ఏ320లో 250 నాట్లు దాటితే దించకూడదు. ఫ్లాపులకు అంతకంటే తక్కువ పరిమితులు. అంటే చక్రాలతో శక్తిని పారబోయాలన్నా ముందు వేగం తగ్గించుకోవాలి, వేగం తగ్గించుకోవాలంటే కాసేపు దిగడం మానాలి. ఆలస్యంగా మొదలుపెట్టినవాడిని ఈ చిక్కుముడి గట్టిగా పట్టుకుంటుంది. పది వేల అడుగుల కింద 250 నాట్లు దాటకూడదన్న నిబంధన చాలా దేశాల్లో ఉంది, అదీ ఇందులో కలుస్తుంది.

చెవుల సంగతి కొంచెం. బయట నిమిషానికి 2 వేల అడుగులు దిగుతున్నా, మన చెవులు ఆ వేగంతో దిగవు. క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి ఎంత పైకి వెళ్లినా 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నంత మాత్రమే పలచబడేలా ఉంచుతారు. దిగేటప్పుడు దాన్ని నిమిషానికి 300 అడుగుల చొప్పున నెమ్మదిగా నేల స్థాయికి తెస్తారు. క్యాబిన్ 8 వేల దగ్గర ఉందనుకుంటే హైదరాబాద్‌లో దిగడానికి 6 వేల అడుగులే తగ్గాలి, 20 నిమిషాలు. సముద్రం పక్కనే ఉన్న విశాఖలో దిగాలంటే దాదాపు 8 వేలూ తగ్గాలి, 27 నిమిషాలు. విమానం పైకి ఎక్కేటప్పుడు మధ్య చెవిలోని గాలి గొంతులోకి తెరుచుకునే సన్నటి గొట్టం గుండా తనంతట తాను బయటికి పోతుంది. దిగేటప్పుడు అదే గొట్టం గుండా లోపలికి రావాలి, జలుబు చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చంటిపిల్లలు దిగేటప్పుడే గుక్కపట్టి ఏడ్చేది ఇందుకే. అప్పుడు పాలు పట్టించమనడంలో అర్థం ఉంది, మింగినప్పుడల్లా ఆ గొట్టం తెరుచుకుంటుంది.

ఈ సౌకర్యాన్నంతా పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది, క్యాబిన్‌లో ఒత్తిడి పోవడం. లోపలి ఎత్తు 14 వేల అడుగుల దరిదాపులకు చేరితే తల మీద ఆక్సిజన్ మాస్కులు రాలుతాయి. పైలట్లు స్పీడ్ బ్రేకులు పూర్తిగా లేపి నిమిషానికి 5 వేల అడుగులు, ఒక్కోసారి అంతకంటే వేగంగా దింపి పది వేల అడుగులకు తెస్తారు. 25 వేల అడుగులు ఐదు నిమిషాల్లోపే. లోపలున్నవాళ్లకు పడిపోతున్నట్టే ఉంటుంది. కానీ అది శిక్షణలో మళ్లీ మళ్లీ సాధన చేసిన దిగుదల. మాస్కుల్లో ఆక్సిజన్ ఇంచుమించు పావుగంట వస్తుంది, ఆ లెక్కకు ఈ లెక్క సరిపోయేలాగే అంతా అమర్చారు.

రన్‌వేకు పది మైళ్ల దగ్గర, నేల నుంచి 3 వేల అడుగుల ఎత్తులో, అసలు కథ మొదలవుతుంది. అక్కడి నుంచి 3 డిగ్రీల వాలును ఊహించుకోనక్కర్లేదు. రన్‌వే పక్క నుంచి రేడియో సంకేతాలు ఆ వాలును గాలిలో గీసి పెడతాయి, దాన్నే గ్లైడ్ స్లోప్ అంటారు. కంటికి కనిపించే గుర్తు ఇంకొకటి. రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలుంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో కోణానికి అమర్చి ఉంటుంది: రెండున్నర డిగ్రీలు, 2 డిగ్రీల 50 నిమిషాలు (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), 3 డిగ్రీల 10 నిమిషాలు, మూడున్నర డిగ్రీలు. ఆ కోణానికి పైనుంటే తెల్లగా, కిందుంటే ఎర్రగా కనిపిస్తాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే దారి సరైనది. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తు, నాలుగూ ఎర్రబడితే ప్రమాదకరమైనంత కింద. రెండు తెలుపు రెండు ఎరుపు కనిపించే పట్టీ మందం కోణంలో 20 నిమిషాలే. మూడు మైళ్ల దూరంలో అది నిలువునా 106 అడుగులు, ఒక మైలు దూరంలో 35 అడుగులు. దగ్గరయ్యేకొద్దీ తప్పుకు జాగా తగ్గిపోతుంది.

3 డిగ్రీలు దేవుడిచ్చిన అంకె కాదు. లండన్ సిటీ విమానాశ్రయంలో వాలు 5.5 డిగ్రీలు. అక్కడ మైలుకు 585 అడుగులు దిగాలి, 130 నాట్ల వేగంలో నిమిషానికి 1,270 అడుగులు. దానికి అనుమతి పొందిన విమానాలే, శిక్షణ పొందిన పైలట్లే అక్కడికి వెళ్తారు. మిగతా ప్రపంచానికి 3 సరిపోయింది. అంతకంటే తక్కువైతే గుట్టలు, భవనాలు అడ్డం. ఎక్కువైతే వేగం అదుపులో ఉండదు.

ఈ అంకెల్ని విమానానికి చెప్పడానికి కాక్‌పిట్‌లో ముందువైపు గుండ్రటి మీటలు ఉంటాయి. ఒకటి ఎత్తుకు, దాని పక్కనే ఇంకొకటి దిగే వేగానికి. 1990 ఫిబ్రవరి 14న ముంబై నుంచి బెంగళూరు వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320లో ఆ రెండింటి మధ్య పొరపాటు జరిగిందని విచారణ సంఘం అంచనాకు వచ్చింది. అప్పుడు కావలసింది నిమిషానికి 700 అడుగుల దిగుదల. 140 నాట్లను ఐదుతో హెచ్చించండి, సరైన అంకే. కానీ 700ను దిగే వేగం మీటలో కాకుండా ఎత్తు మీటలో తిప్పారు. బెంగళూరు పాత విమానాశ్రయం ఉన్నదే 2,914 అడుగుల ఎత్తులో. సముద్రమట్టానికి 700 అడుగులంటే అక్కడ నేలకు 2,200 అడుగుల లోతు. విమానం అడిగిన ఎత్తుకు చేరడానికి ఇంజిన్లను ఐడిల్‌కు తెచ్చుకుని దిగసాగింది. వేగం పడిపోతోందని గుర్తించి ఇంజిన్లకు బలం ఇచ్చేసరికి ఆలస్యమైంది. రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానాన్ని తాకింది. 146 మందిలో 92 మంది చనిపోయారు.

రెండేళ్లు నిండకుండానే, 1992 జనవరి 20 రాత్రి, ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర మరో ఏ320. ఎయిర్ ఇంటర్ విమానం, లియాన్ నుంచి వస్తోంది. ఈసారి మీట ఒకటే, కానీ దానికి రెండు రకాల పని. ఒక పద్ధతిలో వాలు డిగ్రీల్లో ఇవ్వొచ్చు, ఇంకో పద్ధతిలో దిగే వేగం అడుగుల్లో ఇవ్వొచ్చు. వాళ్లకు కావలసింది 3.3 డిగ్రీల వాలు, అంటే నిమిషానికి 800 పైచిలుకు అడుగులు. విమానం నిమిషానికి 3,300 అడుగులు దిగింది. తెర మీద వాలైతే మైనస్ 3.3 అని, వేగమైతే మైనస్ 33 అని కనిపించేది. రెండింటి మధ్య తేడా ఒక చుక్క. పద్ధతి మార్చడం మరచి 33 అని తిప్పి ఉంటారన్నది దర్యాప్తు ముందుకు తెచ్చిన బలమైన కారణాల్లో ఒకటి. చీకటిలో, మబ్బుల్లో విమానం కొండను ఢీకొంది. 96 మందిలో 87 మంది పోయారు. ఆ తర్వాత దిగే వేగాన్ని నాలుగు అంకెలతో, 3300 అని పూర్తిగా చూపేలా తెర మార్చారు. పైలట్ల అలసట, అనుభవం, శిక్షణ గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. నాకు మాత్రం ఆ రెండు సున్నాలు చేర్చిన ఇంజినీర్ల మీద ఎక్కువ గౌరవం. మనిషి పొరబడతాడని ఒప్పుకుని, పొరబడితే కనిపించేలా తెరను మార్చారు.

కొలతలు సరిగానే ఉన్నాయా అని ఆఖరిసారి చూసుకోవడానికి విమానయానం ఒక గడప పెట్టుకుంది. మబ్బుల్లో వస్తుంటే నేల నుంచి 1,000 అడుగుల దగ్గర, బయట స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగుల దగ్గర. అక్కడికి వచ్చేసరికి విమానం సరైన వాలు మీద ఉండాలి, చక్రాలు, ఫ్లాపులు దిగి ఉండాలి, వేగం ల్యాండింగ్‌కు తగినంత ఉండాలి, దిగే వేగం నిమిషానికి 1,000 అడుగులు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేవాలి, అదే గో అరౌండ్. నిమిషానికి 743 చొప్పున వెయ్యి అడుగులంటే నేలకు 81 సెకన్లు. 500 అడుగులంటే 40 సెకన్లు. తప్పును దిద్దుకోవడానికి అంతకు మించి సమయం లేదు, అందుకే ఆ గడప దాటాక పెద్ద దిద్దుబాట్లు వద్దన్నారు.

గడప దాటితే మిగిలేది ఫ్లేర్. 743 అడుగులను సెకన్లలోకి మారిస్తే సెకనుకు 12.4 అడుగులు. ప్రయాణికుల విమానాల చక్రాల కాళ్లను గరిష్ఠ ల్యాండింగ్ బరువులో సెకనుకు 10 అడుగుల తాకిడిని తట్టుకునేలా డిజైన్ చేస్తారు. అంటే 3 డిగ్రీల వాలు మీద చక్కగా, ఏ తప్పూ లేకుండా వచ్చిన విమానం అలాగే నేలను తాకితే ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి ఆఖరి 30 అడుగుల్లో పైలట్ ముక్కును రెండు మూడు డిగ్రీలు ఎత్తి దిగే వేగాన్ని నిమిషానికి 100, 200 అడుగులకు తెస్తాడు. నేల దూరాన్ని రేడియో తరంగాలతో కొలిచే పరికరం యాభై, నలభై, ముప్ఫై, ఇరవై, పది అని పైకి చదువుతుంటుంది. వాలు సరిగా ఉంటే రెండు పిలుపుల మధ్య 0.8 సెకను. పైలట్ చెవి అంకెల కంటే వాటి మధ్య ఎడాన్నే ఎక్కువ వింటుంది. ఎడం తగ్గితే వేగంగా దిగుతున్నాడు, సాగితే తేలిపోతున్నాడు.

తేలిపోవడం తక్కువ ప్రమాదం కాదు. 140 నాట్లలో ఒక సెకను తేలితే 236 అడుగుల రన్‌వే వెనక్కి పోతుంది. పువ్వు వాలినట్టు దించితే ప్రయాణికులు మెచ్చుకుంటారు గానీ, తడిసిన పొట్టి రన్‌వే మీద కాస్త గట్టిగా ఆనించడమే సరైన ల్యాండింగ్. చక్రాలు నీటి పొరను చీల్చుకుని నేలను పట్టుకోవాలి.

2010 మే 22 ఉదయం మంగళూరు. దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 విమానం, 166 మంది. పైన చెప్పుకున్న అంకెలన్నీ ఆ ఉదయం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మంగళూరు రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. ఇతర విమానాల నుంచి ఎడం ఉంచడానికి ఏటీసీ దిగుదలను ఆపి ఉంచింది. 37 వేల అడుగుల నుంచి దిగడం మొదలైంది రన్‌వేకు 77 మైళ్ల దగ్గర. మూడో ఎక్కం ప్రకారం 111 మైళ్లు కావాలి, వేగం తగ్గించుకోవడానికి ఇంకొన్ని. 34 మైళ్లు తక్కువ. మూడుతో భాగిస్తే, మొదటి క్షణంలోనే విమానం 11 వేల అడుగులకు పైగా ఎక్కువ ఎత్తులో ఉంది. ఆ అప్పు తీర్చడం అసాధ్యమేమీ కాదు. ఒక చుట్టు తిరిగితే తీరిపోయేది, ఎయిర్ ట్రాన్సాట్ పైలట్లు ఇంజిన్లు లేకుండా చేసింది అదే. కానీ కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయారని కాక్‌పిట్ రికార్డింగ్ చెప్పింది.

సుమారు 8,500 అడుగుల దగ్గర చక్రాలు దించారు, స్పీడ్ బ్రేకులు లేచే ఉన్నాయి. అయినా ఆఖరి దశలో విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. అక్కడి నుంచి దిగే వేగం నిమిషానికి 4 వేల అడుగుల దాకా పోయింది, గడప దగ్గర పెట్టుకున్న హద్దుకు నాలుగు రెట్లు. నేల హెచ్చరిక యంత్రం అరుస్తూనే ఉంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నారు. రన్‌వే మొదలు మీద 50 అడుగుల ఎత్తులో, 144 నాట్ల వేగంతో ఉండాలి. ఉన్నది సుమారు 200 అడుగుల్లో, 160 పైన నాట్లతో. ఎక్కువైన 150 అడుగులు 3 డిగ్రీల వాలు మీద ఎంత దూరమో చూడండి: 2,860 అడుగులు. దాని మీద పెరిగిన వేగం తెచ్చే తేలుడు. 8,033 అడుగుల రన్‌వేలో చక్రాలు 5,200 అడుగుల దగ్గర కుదురుకున్నాయి. మిగిలింది 2,800. బ్రేకులు వేశాక కెప్టెన్ మళ్లీ లేవాలని చూశారు. విమానం రన్‌వే దాటి లోయలోకి పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది మిగిలారు.

నిమిషానికి 4 వేల అడుగులు దిగడం ఆ విమానానికి చేతకాని పని కాదు. అంత గబగబా దిగిన విమానం ఆ శక్తిని పారబోసుకునేందుకు దారి మిగలలేదు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వాన, 14 నాట్ల వెనకగాలి. అదే సంస్థకు చెందిన మరో 737 కుదురుగా లేని రాకతో 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగుల దగ్గర, సగం రన్‌వే అయిపోయాక, నేలను తాకింది. 21 మంది పోయారు.

మంగళూరు విచారణ తేల్చిన ప్రత్యక్ష కారణం, కుదరని రాకను కెప్టెన్ ఆపకపోవడం. ఈ ఆపకపోవడం మంగళూరుకే పరిమితం కాదు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ ప్రపంచవ్యాప్తంగా చూసి చెప్పిన అంకె ఇది: గడప దగ్గర కుదరని రాకల్లో గో అరౌండ్‌కు వెళ్లేవి సుమారు 3 శాతం. మిగతా 97 శాతం అలాగే దిగిపోతాయి. వాటిలో అత్యధికం ఏ ప్రమాదమూ లేకుండానే ముగుస్తాయి, అసలు చిక్కు అక్కడే ఉంది. క్షేమంగా ముగిసిన ప్రతి తప్పూ మరుసటిసారికి ధైర్యం ఇస్తుంది. గో అరౌండ్‌కు పట్టేది ఒక పావుగంట, కొన్ని వందల కిలోల ఇంధనం. ఇంజిన్లు ఒక్కసారిగా హోరెత్తుతాయి, మైనస్ 700 చూపుతున్న ముల్లు ప్లస్ 2 వేలకు తిరుగుతుంది, లోపల అందరి గుండె ఒక క్షణం ఆగినట్టుంటుంది. అలా పైకి లేచిన పైలట్‌ను ఎందుకు లేచావని నిలదీయకూడదన్నది నేడు చాలా విమాన సంస్థలు రాతపూర్వకంగా పెట్టుకున్న విధానం. ప్రతి విమానంలోని రికార్డర్ అంకెలను తర్వాత కంప్యూటర్‌లో పెట్టి చూస్తారు. వెయ్యి అడుగుల కింద నిమిషానికి వెయ్యి దాటిన దిగుదల ఉంటే పట్టుబడుతుంది. నా అభిప్రాయంలో అక్కడ లెక్కించాల్సిన అంకె ఇంకొకటి ఉంది. ఎందరు హద్దు దాటారన్నదాంతో పాటు, దాటినవారిలో ఎందరు మళ్లీ పైకి లేచారన్నది. ఆ 3 శాతం ప్రతి సంస్థలో ఎంతకు పెరిగిందో ఏటా ప్రయాణికులకు చెప్పాలి.